చింతపిక్కల పరీక్ష

స్వర్ణ స్టీలు స్కేలును అట్ట మీద అదిమిపెట్టి బ్లేడుతో పైనుంచి కిందికి ఒక్క గీత గీసింది. రెండోసారి గీస్తే అంచు రేగిపోతుంది. తెగిన అంచును వేలితో తడిమి, గరుకు తగిలిన చోట ఉప్పుకాగితంతో రుద్దింది. పిల్లల చేతికిచ్చే వస్తువు ఎక్కడా గుచ్చుకోకూడదు. తర్వాత సన్న కుంచె తీసుకుని, ముందే పెన్సిలుతో గీసి ఉంచుకున్న కాఫీ కొమ్మలకు రంగు వేయడం మొదలుపెట్టింది. ముందు ఆకులు, అవి ఆరాక కాయలు. కొన్ని ఎర్రవి, కొన్ని పచ్చివి. కాయల మధ్య అక్కడక్కడా మిరియపు గుత్తులు, తెల్లపూలు, ఒకటి రెండు పురుగులు.

ఆ అట్ట ఒక పరీక్ష. పిల్ల ముందు అట్ట పరిచి, పక్కన డబ్బాలో చింతపిక్కలు పెడతారు. కాఫీకాయ ఎక్కడ కనిపించినా దాని మీద ఒక పిక్క పెట్టాలి. పురుగు మీద పెట్టకూడదు, మిరియం మీద పెట్టకూడదు, ఒక్క కాఫీకాయనూ వదలకూడదు. మనసు నిలిచే పిల్ల చివరిదాకా చూసి పెడుతుంది. నిలవని పిల్ల సగంలో వదిలేస్తుంది, లేదా చేతికొచ్చిన చోట పెడుతుంది. యూనివర్సిటీ బీరువాలో ఇదే పని చేసే పరీక్ష ఒకటి ఉంది. అందులో బొమ్మలు గొడుగులూ గంటలూ టెలిఫోన్లూ. కొండ పిల్లలు టెలిఫోన్ బొమ్మ చూసి అదేమిటని అడగడంతోనే సమయం అయిపోతుంది. అందుకే స్వర్ణ తన కొండకు తగినట్టు సొంతంగా ఒకటి చేస్తోంది. పీజీ చివరి ఏడాదిలో ప్రతి విద్యార్థీ ఒక పిల్లను మొదటి నుంచి చివరిదాకా పరిశీలించి నివేదిక రాయాలి. అందులో తను చేసిన పనిముట్టు గురించి ఒక అధ్యాయం ఉంటే మరీ మంచిదని ప్రొఫెసర్ చెప్పింది.

పాంగి స్వర్ణది డుంబ్రిగూడ దాటాక కొండవాలులో ఉన్న చిన్న ఊరు. ఆశ్రమ పాఠశాలలో చేరినప్పటి నుంచి డిగ్రీ దాకా హాస్టళ్లలోనే పెరిగింది. బీఎడ్ అయ్యాక మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల టీచరుగా ఉద్యోగం వచ్చింది. వారానికోసారి ఒక్కో ఊరు వెళ్లాలి. వినపడని పిల్లలు, నడవలేని పిల్లలు, చదువు రాని పిల్లలు. ఏడాదికి రెండు మూడుసార్లు వాళ్లలో కొందరిని జీపెక్కించి కింద ఆసుపత్రిలో జరిగే సదరం క్యాంపుకు తీసుకెళ్లాలి. అక్కడ డాక్టర్లు చూసి వైకల్యం ఎంతో తేల్చి సర్టిఫికెట్ ఇస్తారు. స్వర్ణ పని సంచులు మోయడం, పిల్లలకు బిస్కెట్లు కొనిపెట్టడం, పిలిచినప్పుడు లోపలికి పంపడం. తలుపు మూసుకునేది. కొంచెంసేపటికి పిల్ల బయటికి వచ్చేది, ఆ పిల్ల బతుకు ఎటు పోవాలో అప్పటికి తేలిపోయేది. ఆ తలుపు వెనక ఏ లెక్కన తేలుస్తారో తనకు తెలియాలనుకుంది స్వర్ణ. ఎవరి మీదా కోపంతో కాదు. పిల్లల తల్లులు జీపులో తిరిగి వస్తూ అడిగితే ఒక్కదానికీ జవాబు చెప్పలేకపోయేది. అది ఆమె సహించలేకపోయింది.

అలా విశాఖపట్నంలో విద్య, పాఠశాల మనస్తత్వశాస్త్రం అనే పీజీ కోర్సులో చేరింది. క్లాసులు శని, ఆదివారాలు. శుక్రవారం బడులు తిరిగి సాయంత్రం బస్సెక్కి ఘాట్ రోడ్డు మీదుగా దిగేది. ఇంగ్లీషు పుస్తకంలో ఒక్కో పేజీకి పదేసి మాటలు అర్థం కాకపోతే పక్కన పెన్సిలుతో తెలుగులో రాసుకునేది. గణాంకాల పేపరు మొదటిసారి తప్పింది. రెండోసారి పాసయింది. తోటి విద్యార్థులు సెమినార్లలో బాగా మాట్లాడేవాళ్లు. స్వర్ణకు మాట్లాడటం రాదు. పని ఇస్తే మాత్రం తప్పు పట్టడానికి చోటు ఉండేది కాదు. ఆమెకు గైడుగా వచ్చిన ప్రొఫెసర్ నాగలక్ష్మికి ఆ గుణం నచ్చింది. "నువ్వు అనుకున్నది తర్వాత రాద్దువు గాని. ముందు చూసింది రాయి," అనేది ఆవిడ ప్రతిసారీ.

చివరి ఏడాది పరిశీలనకు స్వర్ణ ఎంచుకున్న పిల్ల పేరు గంగ. నిజానికి ఎంచుకున్నది ఆమె కాదు, గంగ చదివే బడి మాస్టారు సర్వేశ్వరరావు. ఆ కొండమీది ఊరికి ఒకే బడి, బడికి ఒకే మాస్టారు. ఆయనది కింద గజపతినగరం వైపు. అరకులో అద్దెకుంటూ రోజూ బండి మీద వస్తాడు. వానైనా మంచైనా బడి మూసేవాడు కాదని ఊళ్లో మంచి పేరుంది. గంగ మూడో తరగతికి వచ్చినా అక్షరాలు కలిపి చదవలేదు. అడిగితే పలకదు. పలకతో కూర్చోబెడితే సాయంత్రం దాకా అలాగే కూర్చుంటుంది. ఈ పిల్లకు తెలివి ఎదగలేదని, అది తన వల్ల అయ్యే పని కాదని మాస్టారు తేల్చుకున్నాడు. మైదానంలో ఒక ట్రస్టు నడిపే బడి ఉంది. తెలివి ఎదగని పిల్లలను అక్కడే ఉంచుకుని తిండి పెట్టి, అగరొత్తులు చుట్టడం, చాపలు అల్లడం నేర్పుతారు. మంచి బడే. మాస్టారు తిరిగి తిరిగి అక్కడ గంగకు ఒక సీటు మాట్లాడి పెట్టాడు. వచ్చే క్యాంపులో సర్టిఫికెట్ రావాలి, దానికి ముందు స్వర్ణ నివేదిక కావాలి.

గంగ తల్లి సోనికి ఇదంతా మాస్టారే చెప్పాడు. ఆమె విని పనిలోకి వెళ్లిపోయింది. స్వర్ణ మొదటిసారి ఇంటికి వెళ్లినప్పుడు మాత్రం, రాగుల చోడంబలి గిన్నె చేతికిచ్చి, ఒకే ఒక్క మాట అడిగింది.

"మేడం, అక్కడికెళ్లిన పిల్లలు మళ్లీ మామూలు బడికి వత్తారా?"

స్వర్ణ అబద్ధం చెప్పలేదు. తనకు తెలిసినంతలో ఎవరూ రాలేదంది. సోని తలూపి, గంగను పిలిచి కోళ్లకు గింజలు వేయమని పంపేసింది.

కాబట్టి స్వర్ణ తేల్చాల్సింది ఒకటే. గంగకు నిజంగా తెలివి ఎదగలేదా, లేక చదువు ఎక్కకపోవడానికి ఇంకేదైనా కారణం ఉందా. మొదటిదైతే కిందికి పంపాలి. రెండోదైతే పంపకూడదు.

భాష అడ్డం కాకుండా మొత్తం పరీక్ష గంగ ఇంట్లో మాట్లాడే ఆదివాసీ ఒరియాలోనే చేసింది. స్వర్ణ ఇంట్లోనూ అదే మాట. యూనివర్సిటీ నుంచి తెచ్చిన బుద్ధిపరీక్షలో మాటలతో జవాబు చెప్పే భాగంలో గంగ దాదాపు ఏమీ చెప్పలేదు. చెక్కముక్కలు పేర్చే భాగంలో అన్నీ పేర్చింది కాని, గడువు దాటాక. గడువు దాటితే మార్కు లేదు. వచ్చిన అంకె చాలా తక్కువ. అయితే ఆ అంకె ఒక్కదాన్నే నమ్మకూడదని స్వర్ణ చదువుకుంది. పిల్ల నెమ్మదిదా, మనసు నిలవనిదా, తెలివి తక్కువదా అన్నది విడదీయడానికి తన చింతపిక్కల అట్ట పనికొస్తుందనుకుంది. ముందే అరకు బస్టాండు వెనక కాలనీలో పిల్లలతో దాన్ని ఆడించి చూసింది కూడా. ఉద్యోగుల పిల్లలు, దుకాణాల వాళ్ల పిల్లలు. అందరూ చక్కగా పిక్కలు పెట్టారు.

బడి వరండాలో చాప మీద అట్ట పరిచింది. కాఫీ ఎక్కడుంటే అక్కడ పిక్క పెట్టమని, ఒక్కటి కూడా వదలొద్దని చెప్పి తనూ ఒకటి పెట్టి చూపించింది. గంగ డబ్బా దగ్గరికి లాక్కుంది. ఒక పిక్క తీసి, అట్టంతా చూసి, పెట్టింది. ఇంకోటి తీసింది. చాలాసేపు పట్టింది. చివరికి డబ్బా స్వర్ణ వైపు తోసి చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఎవరు చూసినా పని అయిపోయిందనే పిల్ల ముఖం అది. సగానికి పైగా కాయలు ఖాళీగా ఉన్నాయి.

"ఇంకా ఉన్నాయా, చూడు," అంది స్వర్ణ.

గంగ చూసింది. లేవన్నట్టు తలూపింది.

స్వర్ణ వదిలేసినవి లెక్కపెట్టి అంకె రాసుకుంది. లోపల పిల్లలు భోజనం గంటకు లేస్తున్నారు. వాళ్లు వరండాలోకి వచ్చి తొక్కకముందే పిక్కలన్నీ డబ్బాలోకి ఊడ్చేసి అట్ట మూసింది. ఏవి వదిలిందన్నది ఆ ఊడ్పుతో పోయింది. మిగిలింది ఎన్ని వదిలిందన్న అంకె ఒక్కటే.

మాస్టారు వచ్చి ఎలా చేసిందని అడిగాడు. స్వర్ణ అంకె చెప్పింది. ఆయన సంతోషపడలేదు. "నేనన్నదే కదా అమ్మా. పోనీలే, అక్కడ మూడు పూటలా చూసుకుంటారు," అన్నాడు. ఆ వారం స్వర్ణ నివేదిక సగం రాసింది. బుద్ధి అంకె తక్కువ, మనసు నిలవడం తక్కువ. రెండూ ఒకదానికొకటి సరిపోయాయి. సరిపోయినందుకు ఆమెకు బాధగానే ఉంది. పనిముట్టు గురించిన అధ్యాయం మాత్రం బాగా కుదిరింది. నాగలక్ష్మి చదివి, విభాగంలో అందరికీ చూపించాల్సిన పని అని మెచ్చుకుంది.

ఇక మిగిలింది ఇంటి దగ్గర పిల్లను చూడటం. అది లేకుండా నివేదిక ముగించకూడదు. స్వర్ణ వెళ్లిన రోజు సెలవు. ఇంట్లో ఎవరూ లేరు. కాఫీ పండు కోత నడుస్తోంది. మంచు ఇంకా విడవలేదు, సిల్వర్ ఓక్ చెట్ల మీదనుంచి చుక్కలు చుక్కలుగా రాలుతోంది. మాటల చప్పుడును బట్టి వాలు ఎక్కింది. సోని, పక్కింటి ఆడవాళ్లు ఇద్దరు, గంగ, అందరూ నడుములకు సంచులు కట్టుకుని కోస్తున్నారు.

పని చేసేవాళ్ల మధ్య పుస్తకం పట్టుకుని నిలబడటం స్వర్ణకు రాదు. చెప్పులు విప్పి, చున్నీ నడుముకు బిగించి, ఒక బుట్ట అడిగి తీసుకుని గంగ పక్క మొక్క దగ్గర నిలబడింది. కొమ్మను ఎడమచేత్తో వంచి, కుడిచేత్తో గుత్తి మొత్తం దూసింది. ఇంకో గుత్తి దూసింది. కాసేపటికి తన బుట్ట దగ్గర ఏదో కదిలినట్టనిపించి చూసింది. గంగ బుట్టలో చెయ్యి పెట్టి పచ్చికాయలు ఏరుతోంది. ఒక్కొక్కటీ తీసి పక్కన రాయి మీద వరసగా పెడుతోంది.

అటు నుంచి సోని చూసింది.

"ఏటి మేడం, పచ్చివి కూడా దూసేత్తన్నావు? నువ్వు కొండ గుంటవేనా, కిందనించి తెచ్చి దింపేరా?"

పక్కింటి ఆడవాళ్లు నవ్వారు. స్వర్ణ కూడా నవ్వింది.

"మా నాన్నకీ తోటుంది అక్కా. నాకు హాస్టల్ సెలవులిచ్చేది వేసవిలో. అప్పటికి కోత ఎప్పుడో అయిపోయేది."

"అదీ సంగతి. తాగడం వచ్చు, కొయ్యడం రాదు," అంది పక్కింటామె.

సోని చెయ్యి ఆపకుండానే చెప్పింది. పండు కొనే చోట నీళ్ల తొట్టి ఉంటుంది. అందులో పోస్తే పచ్చిదీ తాలుదీ బయటపడుతుంది. ఒక బుట్టలో పచ్చి ఎక్కువుంటే ఆ ఇంటి బుట్టలన్నీ పక్కన పెట్టేస్తారు, అందరిదీ అయ్యేదాకా నిలబడాలి. నిరుడు అలాగే నిలబడాల్సి వచ్చింది. ఆ పచ్చివి గంగ కోసినవే. ఇంటికొచ్చాక వీపు మీద ఒకటి వేసింది సోని. అప్పటి నుంచి ఇంట్లో బుట్టలన్నీ కట్టేముందు గంగే చూస్తుంది. "దాని సెయ్యి పడ్డాక ఒక్క పచ్చిది ఉండదు. నేనే వదిలేత్తాను గాని అది వదల్దు," అంది.

స్వర్ణ చేతిలో కొమ్మ అలాగే వంగి ఉండిపోయింది. గంగ ఏరడం ఇంకా ఆపలేదు. స్వర్ణ ఆ పిల్ల ఎత్తుకు వంగి, వాళ్ల మాటలో అడిగింది.

"గంగా, బడిలో నేను పరిచిన అట్ట మీద కూడా పచ్చివి ఉన్నాయి కదా. వాటి మీద పిక్క ఎందుకు పెట్టలేదు?"

గంగ చేతిలో ఉన్న కాయను రాయి మీద వరసలో పెట్టేదాకా జవాబివ్వలేదు. స్వర్ణ ఊరుకుంది.

"పచ్చిదాని మీద చెయ్యి వెయ్యకూడదు," అంది గంగ. కాస్త ఆగి, "దాని రోజు రాలేదు," అంది.

స్వర్ణ ఆ పిల్ల నోట అంత పెద్ద మాట వినడం అదే మొదలు. జవాబుకు పట్టిన సేపు కూడా గమనించింది. బడిలో అంతసేపు ఎవరూ ఆగరు. గంగ నోరు విప్పేలోగా ముందు బెంచీ పిల్లలు అరిచేస్తారు, మాస్టారు తర్వాతి పిల్ల దగ్గరకు వెళ్లిపోతాడు. తను పట్టుకెళ్లిన బుద్ధిపరీక్షా అంతే, గడియారం చూసి పేజీ తిప్పేసింది.

మధ్యాహ్నం దాకా కోసింది స్వర్ణ, ఎర్రవే. దిగి వస్తూ ఆలోచించింది. గంగ వదిలేసినవన్నీ పచ్చివే అయి ఉండాలి. కాని అయి ఉండాలి అంటే సరిపోదు. పిక్కలు ఊడ్చేసింది తనే, సాక్ష్యం లేదు. మళ్లీ గంగతోనే అదే అట్ట ఆడిస్తే కుదరదు, ఇప్పుడు ఆ పిల్లకు ఆ సంగతి గుర్తు చేసేసింది. వేరే పిల్లలతో చూడాలి. పండు కోసే ఇళ్ల పిల్లలతో.

మర్నాటి నుంచి తను తిరిగే ఊళ్లన్నిటికీ అట్ట పట్టుకెళ్లింది. తరగతిలో చురుకైన పిల్లలనే ఎంచుకుంది. ఈసారి పిక్కలు ఊడ్చే ముందు ప్రతి అట్టకూ ఫోన్‌లో ఫొటో తీసింది. గబగబా చదివే పిల్లలు, కూడికలు నోటితో చేసే పిల్లలు, ఒకరి తర్వాత ఒకరు ఎర్రవాటి మీదే పిక్కలు పెట్టి డబ్బా తోసేశారు. ఒకరిద్దరు మాత్రమే పచ్చివాటి మీద పెట్టారు. అడిగితే ఒకడిది కిరాణా కొట్టు ఇల్లు, తోట లేదు. కొండకు తగిన పనిముట్టు అని తను చేసినది, తోట పని బాగా వచ్చిన పిల్లలనే తప్పు పట్టే పనిముట్టు. టెలిఫోన్ బొమ్మైతే పిల్లలకు తెలియదని అందరికీ తెలిసేది. కాఫీ బొమ్మ తప్పని ఎవరూ అనుకోరు. తను కొండపిల్ల కాబట్టి అసలే అనుకోరు.

శనివారం ప్రొఫెసర్ గదిలో అట్ట, ఫొటోలు బల్ల మీద పెట్టి జరిగింది చెప్పింది. అధ్యాయం తీసేస్తానంది. నాగలక్ష్మి ఫొటోలు ఒక్కొక్కటీ చూసింది.

"తీసెయ్యకు. చెడిన పనిముట్టు ఎలా చెడిందో రాయి. తర్వాత ఇంకోటి చెయ్యి, దాన్ని మళ్లీ సరిచూడు. అయితే ఈ టర్ములో సమర్పించలేవు. నీ బ్యాచ్‌తో పట్టా రాదు. ఆలోచించుకో."

"పిల్ల నివేదిక క్యాంపు లోగా కావాలి మేడం. అది ఆగదు. నా పట్టా ఆగుతుంది."

నాగలక్ష్మి బీరువా తాళం తీసి చదవడంలో ఇబ్బందిని పట్టుకునే పరీక్షల కట్ట ఇచ్చింది. గడువు దాటాక చేసినవాటిని కూడా విడిగా రాసుకోమని, రెండు లెక్కలూ పక్కపక్కన చూపించమని చెప్పింది.

కొత్త అట్ట చేయడం అనుకున్నంత తేలిక కాలేదు. కాఫీ వద్దనుకుని ముందు అడ్డాకులు గీసింది. ఆ ఆకులతో విస్తళ్లు కుట్టే ఊళ్లో చూపిస్తే పిల్లలు వెడల్పు ఆకుల మీదే పిక్కలు పెట్టి లేతాకులు వదిలేశారు. ఏరులో గులకరాళ్లు గీసింది. ఒకడు ఉండేలుకు పనికొచ్చే గుండ్రటివి మాత్రం ఏరుకుని, తక్కినవి ఎందుకని అడిగాడు. కోళ్లు గీస్తే ఒక పిల్ల పుంజుల జోలికి పోలేదు, అవి దేవతకు మొక్కినవట. కొండమీద దేన్ని ముట్టుకోవాలన్నా ఒక పద్ధతి ఉంది, ఆ పద్ధతి పిల్లలకు మాటలకన్నా ముందు వస్తుంది. స్వర్ణ కుంచె కడిగి, తనకు తెలుసనుకున్నదంతా పక్కన పెట్టి ఆలోచించింది. చిన్నదైనా పెద్దదైనా, ఎర్రదైనా పచ్చదైనా ఎవరికీ పట్టని వస్తువు కావాలి. చివరికి గూటి మీద కుట్టు డబ్బా కనిపించింది. చొక్కా గుండీలు గీసింది. మధ్యలో పిన్నీసులు, దారపు ఉండలు. అన్ని ఊళ్ల పిల్లలూ, బస్టాండు వెనక పిల్లలూ, తోట ఉన్నవాళ్లూ లేనివాళ్లూ, గుండీ కనిపిస్తే పిక్క పెట్టారు. అప్పుడు ఆ అట్ట తీసుకుని గంగ దగ్గరికి వెళ్లింది.

గంగ ఎప్పటిలా నెమ్మదిగా మొదలుపెట్టింది. సగంలో ఒకసారి ఆగి, పెట్టిన పిక్కలన్నీ మొదటి నుంచి చూసుకుంటూ వచ్చింది. మళ్లీ పెట్టింది. డబ్బా తోసింది. స్వర్ణ అట్ట మీద వేలు పెట్టి వరసవరసా చూసింది. ఒక్క గుండీ ఖాళీగా లేదు. ఒక్క పిన్నీసు మీద పిక్క లేదు. ఫొటో తీసింది. అప్పుడు ఊడ్చింది.

తర్వాతి వారాల్లో మిగతావి చేసింది. చెక్కముక్కల భాగం గడువు లేకుండా లెక్కిస్తే తన ఈడు పిల్లల వరసలోకే వచ్చింది. కథ విని తిరిగి చెప్పమంటే, చాలినంతసేపు ఆగితే, చెప్పింది. చదువు పరీక్షలు మాత్రం బాగా లేవు. ఒకేలా కనిపించే అక్షరాలు గంగకు నిలవవు. ప, వ ఒకటే. ఘ, ఝ చూపిస్తే రెండూ ఒకటే అంటుంది. విన్నప్పుడు తేడా తెలుస్తుంది, చూసినప్పుడు తెలియదు. అది నిజమైన ఇబ్బంది. దానికి పని అవసరం. సంతోషంలో దాన్ని చిన్నది చేసి రాయడానికి స్వర్ణ ఒప్పుకోలేదు.

నివేదికకు ముందు మాస్టారుతో మాట్లాడాలి. బడి వదిలాక వరండాలో కూర్చుని అంతా చెప్పింది. సర్వేశ్వరరావు విన్నాడు. ఆయనకు కోపం వచ్చింది, దాచుకోలేదు.

"సీటు కోసం ఎన్నిసార్లు తిరిగానో తెలుసా అమ్మా నీకు? నువ్వు తెలివుందని రాసేస్తావు, జీపెక్కి వెళ్లిపోతావు. ఇక్కడ అయిదు తరగతుల పిల్లలతో ఉండేది నేను. దానికి అక్షరం రాకపోతే రేపు ఎవర్ని అడుగుతారు?"

"నన్ను అడగండి మాస్టారూ. ఆ మాట కూడా నివేదికలో రాస్తాను, కింద సంతకం పెడతాను. వారానికి ఒకరోజు నేనొస్తాను. మిగతా రోజులు మీరు రెండు పనులు చెయ్యాలి. రోజూ రెండే అక్షరాలు, ఈ కార్డులతో. ఇంకోటి, దాన్ని అడిగాక ఆగాలి."

ఆమె సంచి తెరిచి కార్డులు తీసింది. ఉప్పుకాగితం మీద కత్తిరించిన అక్షరాలు, అట్టకు అంటించినవి. కళ్లు తేడా పట్టలేకపోతే వేళ్లు పడతాయని. మాస్టారు ఒక కార్డు తీసుకుని బొటనవేలితో ఘ మీద తడిమి చూశాడు. తర్వాత ఝ తీసుకున్నాడు.

"ఎంతసేపు ఆగాలి?"

"మీకు విసుగొచ్చాక ఇంకొంచెం సేపు."

ఆయన నవ్వాపుకోలేక ముఖం పక్కకు తిప్పుకున్నాడు. "ఉగాదిదాకా చూస్తాను. అప్పటికి కదలిక లేకపోతే మళ్లీ కూర్చుందాం. అది కూడా రాయి నీ నివేదికలో," అన్నాడు. స్వర్ణ ఒప్పుకుంది. అది న్యాయమైన మాటే.

సీటు వేరే పిల్లకు ఇవ్వమని మాస్టారే ట్రస్టు వాళ్లకు ఫోన్ చేశాడు. గంగను క్యాంపుకు మాత్రం తీసుకెళ్లాల్సిందే, పేరు ముందే ఎక్కింది కాబట్టి. స్వర్ణ నివేదిక రెండు రకాలుగా రాసింది. డాక్టర్లకూ యూనివర్సిటీకీ ఒకటి, అంకెలూ పట్టికలతో. మొదటి అట్ట ఎందుకు చెల్లదో, దాన్ని చేసింది ఎవరో మొదటి పేజీలోనే పెట్టింది. రెండోది ఒకే కాగితం, సోని కోసం. దాన్ని ఎక్కువసార్లు తిరగరాసింది. పెద్ద మాట వచ్చిన చోటల్లా కొట్టేసి, అదే సంగతి తోటలో నిలబడి చెబితే ఎలా చెబుతుందో అలా రాసింది.

క్యాంపులో తలుపు మూసుకుంది. కాని ఈసారి లోపల స్వర్ణ కూడా ఉంది. డాక్టరు నివేదిక తిరగేస్తూ రెండు ప్రశ్నలు అడిగితే జవాబు చెప్పింది. ఆయన గంగను ఒక మాట అడిగి, నివేదిక వైపు చూసి, పెన్ను కింద పెట్టి ఆగాడు. గంగ జవాబిచ్చింది. తెలివి ఎదగని పిల్ల కాదని, చదవడంలో మాత్రం ఇబ్బంది ఉందని, అది బడిలోనే చూడాలని రాసి, సంతకం చేసి, ముద్ర వేయించాడు.

మర్నాడు స్వర్ణ కొండెక్కింది. కోత చివరి రోజులు, వాకిట్లో పండు ఆరబోసి ఉంది. గంగ ఒక పక్క కూర్చుని చదును చేస్తోంది, ఒడిలో ఉప్పుకాగితం కార్డు ఒకటి ఉంది. సోని చేట పక్కన పెట్టి లేచింది.

స్వర్ణ ఒకే కాగితం మీది నివేదికను వాళ్ల మాటలో మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించింది. గంగ నెమ్మదిగా చేస్తుంది, చేసింది సరిగా చేస్తుంది. కొన్ని అక్షరాలు దాని కంటికి ఒకటిగా కనిపిస్తాయి. అది దాని తప్పు కాదు. వేళ్లతో నేర్చుకోవాలి, ఏడాది పట్టొచ్చు, ఇంకా పట్టొచ్చు. ఈ ఊరి బడిలోనే చదువుతుంది.

"ఇక్కడే?" అంది సోని.

"ఇక్కడే అక్కా."

"నీ పరీక్ష ఏటయింది మరి? అయిపోనాదా?"

"వచ్చే టర్ము రాస్తాను. పని ఇంకా ఉంది."

"కోత నేర్సుకున్నావు గదా, అదీ రాయి," అంది సోని.

స్వర్ణ కాగితాన్ని డాక్టరు ముద్ర ఉన్న నకలుతో కలిపి, మూలన దారంతో కుట్టి, ముడి బిగిందో లేదో లాగి చూసింది. బిగింది. సోని చేతులు కొంగుకు తుడుచుకుంది. స్వర్ణ ఇచ్చింది, ఆమె రెండు చేతులా అందుకుంది.